మా ఆవిడ చదివే మొహం

మార్చి 4, మంగళవారం

ఇవాళ బిస్కెట్టు నా మీద గెలిచింది. అంగిట్లో అతుక్కుని కూర్చుంది, పొమ్మంటే పోదు. వేలు పెట్టి గీకాల్సొచ్చింది. కోడలు చూసి, మావయ్యగారూ, నోట్లో ఆ వేళ్ళేంటండీ చిన్నపిల్లాడిలా అంది. నీ కుట్టుమిషన్ నూనె ఉంటే రెండు చుక్కలు పొయ్యమ్మా, గొంతు కిర్రుమంటోంది అన్నా. నవ్వలేదు. నోటినిండా గుండుసూదులు పెట్టుకుని బట్టలు కుట్టే మనిషి. నవ్వితే ఆవిడకే ప్రమాదం.

నోరు ఎండిపోవడం ఎప్పట్నించో ఉంది. వయసు అనుకున్నా. మాట్లాడుతుంటే నాలుక అంగిటికి అంటుకుని టప్ మంటోంది. అందుకే ఈ రాత. ఏడో క్లాసులో బడి ఎగ్గొట్టినవాణ్ణి, మళ్ళీ వెళ్ళలేదు. తప్పులుంటే ఉంటాయి. చదివేదెవరు? మా ఆవిడకి అక్షరాలు రావు. కొడుకుకీ కోడలికీ తీరిక లేదు.

మార్చి 6

మనవరాలికి నా ఉమ్ము కావాలట.

పళ్ళ డాక్టరు చదువు అయిపోయి ఇప్పుడు దానిమీద ఇంకో పెద్ద చదువు చదువుతోంది. నేను దాన్ని పిప్పిపన్ను అంటా. పళ్ళకి తీసే ఎక్స్‌రేల వల్ల ఉమ్ము ఊరే గ్రంథుల్లో సెల్స్‌కి ఏమన్నా అవుతుందా అని స్టడీ. ఉమ్ము అనకు తాతా, లాలాజలం అనాలి అంది. లాలాజలం! వింటుంటే జోలపాటలా ఉంది. ఎక్స్‌రేలు బాగా తీయించుకున్నవాళ్ళు కావాలట, దొరకట్లేదట. ఇంట్లో నన్ను పెట్టుకుని బయట వెతుకుతావేంటే అన్నా.

నేను బతుకంతా పళ్ళ ఎక్స్‌రే మెషిన్లు బాగుచేశా. బాగయిందో లేదో చూడాలంటే ఒక ఫోటో తియ్యాలి. దానికని కంపెనీ ఒక అల్యూమినియం ముక్క ఇచ్చేది, మెట్లు మెట్లుగా ఉండేది. ఫోటో తీస్తే బూడిదరంగు చారలొస్తాయి. డాక్టర్లు ఆ చారలు చూసి మొహం చిట్లించేవాళ్ళు. పన్ను చూపించవయ్యా, పన్ను పడితే కదా నమ్మకం అనేవాళ్ళు. అందుకని మా మెకానిక్కులందరం ఫిల్మ్ మా నోట్లోనే పెట్టుకునేవాళ్ళం. నాది కుడివైపు కింద దవడపన్ను. చూడ్డానికి లక్షణంగా ఉంటుంది. గొట్టం బుగ్గకి ఆనించు, స్విచ్చు నొక్కు. మసగ్గా వస్తే బిగించి ఇంకోటి. అయినా మసగ్గా వస్తే ఇంకోటి. చివరికి కడిగిన ఫిల్మ్ తడితడిగా చేతిలో పెడితే డాక్టరు మొహం వెలిగిపోయేది. నా పన్నుకి ఉన్నన్ని ఫోటోలు పెళ్ళికూతుళ్ళకి కూడా ఉండవు.

ఇదంతా గొప్పగా చెప్తుంటే పిప్పిపన్ను రాసుకోవడం ఆపేసింది. మరి కిరణాలు తగలకుండా వేసుకునే సీసం ఏప్రానో అని అడిగింది. మడిచి కింద వేసుకుని కూర్చునేవాణ్ణి, బాగుండేది అన్నా. తిట్టలేదు. నా గడ్డం కేసి చూస్తూ ఉండిపోయింది.

మార్చి 7, పొద్దున

ట్యూబు పట్టుకుని కూర్చున్నా. రాదే! పిప్పిపన్ను నిమ్మకాయ కోసి ఎదురుగా పెట్టింది. చూడు తాతా, పుల్లగా ఉంటుంది, ఊహించుకో అంది. ఊహించుకున్నా. కోడలికి ఊరింది, కొడుక్కి ఊరింది, నాకు ఊరలేదు. చాలాసేపటికి ట్యూబు అడుగున కొంచెం నురగ.

మా ఆవిడ ఏం జరుగుతోందని అడిగింది. ఆవిడకి చెవులు లేవు. వయసులో ఉన్నప్పుడు నూలుమిల్లులో పనిచేసింది, ఆ మోత తినేసింది. మనుషుల మొహం చూసి మాట తెలుసుకుంటుంది. కానీ ఇంట్లోవాళ్ళు పక్కకి తిరిగి మాట్లాడతారు, గబగబా మాట్లాడతారు, కోడలైతే సూదులతో మాట్లాడుతుంది. చూపు కూడా తగ్గింది. ఇప్పుడు ఆవిడకి అర్థమయ్యేది నా మొహం ఒక్కటే. నేను కనుబొమలతో, బుగ్గలతో, మూతితో, అన్నిటితో మాట్లాడతా. వాళ్ళు గోడలకి చెప్తారు, నువ్వు నాకు చెప్తావు అంటుంది. అందుకని ఇంట్లో ఎవరేం మాట్లాడినా నేను ఆవిడ వైపు తిరిగి మళ్ళీ చెప్పాలి. నాకిష్టమొచ్చినట్టు చెప్తా.

మనవరాలు నా ఉమ్ముతో బట్టతలకి మందు చేస్తోందని చెప్పా. సాయంత్రం దాకా నమ్మింది. తర్వాత గరిటె తీసుకుని వచ్చింది.

మార్చి 11

పిప్పిపన్ను ఏదో చూడాలని నా దవడలు రెండూ పట్టుకుని నొక్కింది. చెవి కింద కుడివైపు వేళ్ళు ఆగిపోయాయి. ఇది ఎప్పట్నించి తాతా అంది. గడ్డం గీసుకునేటప్పుడు బ్లేడు అక్కడ మెట్టెక్కి దిగుతుంది, చాన్నాళ్ళుగా. చెప్పాల్సినంత సంగతా అది? రహస్యాలు దాచుకునే డబ్బా అది, మీ అమ్మవన్నీ అందులోనే ఉన్నాయి అన్నా.

రేపు కాలేజీకి రమ్మంది. గట్టిగా అంది.

మార్చి 12

బుగ్గ లోపల పుల్లతో గీకి, గాజుపలక మీద రాసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూపించింది. నా బుగ్గ! గులాబీరంగు దుప్పట్లు ఆరేసినట్టు సెల్స్. ఒక్కోదాని మధ్యలో ఒక నల్లగింజ. కొన్నిట్లో గింజ పక్కన చిన్న ముక్క విరిగిపడి ఉంది. అలా విరిగినవి లెక్కపెడతారట. రేడియేషన్ తగిలితే విరుగుతాయట. పొగాకుకీ విరుగుతాయట, ముసలితనానికీ విరుగుతాయట. మరి నావి దేనివల్ల అని అడిగా. చెప్పలేం తాతా అంది.

వాళ్ళ పెద్ద మేడమ్ వచ్చింది. మామూలు మనిషి పన్నుకి ఒక ఫోటో తీయించుకుంటే భయం లేదట, అది చాలా తక్కువట. మీలాగా తీసుకున్నవాళ్ళని ఎవరూ కొలవలేదండీ, పాత మెషిన్లలోంచి కిరణాలు పక్కలకి ఎంత కారేవో కూడా ఎవరికీ తెలీదు అంది. నా మెషిన్లు కారవు మేడమ్ అన్నా. నవ్వింది. మంచి మనిషి.

దారిలో పొట్టి మెకానిక్కు గుర్తొచ్చాడు. వాడూ నాలాగే, ఎప్పుడూ ఫిల్మ్ నోట్లోనే. ఎనభై దాటి బతికాడు. మాట్లాడితే ఎదుటివాడు గొడుగేసుకోవాలి, అంత తుంపర. బాత్రూములో జారిపడి పోయాడు. మరి వాడి సెల్స్‌కి ఏమీ కాలేదా?

మార్చి 14

చెవి కింద గడ్డలోకి సూది గుచ్చి లాగారు. నొప్పి. ఇదిగో, నోట్లోంచి రాకపోతే ఇక్కణ్ణించి లాగుతున్నారు అన్నా. సూది పట్టుకున్న కుర్ర డాక్టరు నవ్వాడు. పిప్పిపన్ను నవ్వలేదు.

మార్చి 20

కోడలు కుడుతున్న బట్టల మీద టీ ఒలకబోశా. ఏమీ అనలేదు. పర్లేదు మావయ్యగారూ అంది.

పర్లేదు అంట!

మార్చి 21

పొద్దున్నించీ అందరినీ గిల్లి చూశా. కొడుకుని, నీ పొట్ట తలుపు దాటాక నువ్వొస్తావురా అన్నా. అవును నాన్నా అన్నాడు. మనవరాలిని, నీ మొహానికి ఆ కళ్ళజోడు పెడితే పళ్ళు కూడా పారిపోతాయే అన్నా. నా భుజం మీద తల పెట్టింది.

ఈ ఇంట్లో నేనొకటంటే రెండు తగిలేవి. ఇవాళ ఒక్కటీ తగల్లేదు. ఇంక రిపోర్టు ఎందుకు?

మార్చి 24

సర్జను దగ్గరికి అందరం వెళ్ళాం. మా ఆవిడ కూడా వస్తానంది.

సర్జను కాగితం మీద బొమ్మ గీశాడు. ఉమ్ము సంచి మధ్యలోంచి మొహాన్ని కదిలించే నరం పోతుందట. ఒక మొదలు, అక్కణ్ణించి కొమ్మలు. రెప్పకి ఒకటి, బుగ్గకి ఒకటి, పెదవికి ఒకటి. మెషిన్ చెయ్యి లోపల వైర్ల కట్ట అచ్చం ఇలాగే పోతుంది. గడ్డ ఆ కట్టని చుట్టేసింది. కట్ట వదిలేసి గడ్డ తియ్యడం కుదరదు, కుడివైపు మొహం పడిపోతుంది అన్నాడు. కాలి నరం తెచ్చి అతకొచ్చు గానీ, ఈ వయసుకి, ఆ తర్వాత కరెంటు, అదే రేడియేషన్, పెట్టాల్సి ఉండగా, పట్టడం అనుమానమే అన్నాడు. వదిలేస్తే ఎన్నాళ్ళు అని అడిగా. ఎక్కువ కాదన్నాడు.

అందరూ కిందకి చూస్తున్నారు. అప్పుడు మా ఆవిడ నా మోచెయ్యి లాగి, ఏమయ్యా, ఏమంటున్నాడూ అంది.

ఈ సంగతి ఆవిడకి చెప్పగలిగినవాణ్ణి నేనే. ఆవిడ వైపు తిరిగా. చిన్న గడ్డట, కోసి రెండు కుట్లేసి పంపిస్తాడట, కోడలు కుట్టినట్టే అన్నా. మొహం అంతా వాడి చెప్పా. ఎప్పుడూ అంత బాగా చెప్పలేదేమో.

ఆవిడ నన్ను చూడలేదు. సర్జను మొహం చూస్తోంది.

మార్చి 25

పొద్దున మా ఆవిడ టీ ఇస్తూ, ఈసారి సరిగ్గా చెప్పు అంది.

చెప్పా. సరిగ్గా.

మొహం అంతా పోతుందా అంది. కుడివైపే అన్నా. మరి నాకెలా అంది. అంతే అంది. గ్లాసు కడగడానికి వెళ్ళింది. కడిగిన గ్లాసే మళ్ళీ మళ్ళీ కడిగింది.

మార్చి 28

నా ఉద్యోగానికి మనిషిని తయారుచేస్తున్నా. పిప్పిపన్నుని వాళ్ళ అవ్వ ఎదురుగా కూర్చోబెట్టా. మెల్లిగా మాట్లాడు, పెదాలు పూర్తిగా తెరువు, కనుబొమలకి కూడా పని చెప్పు అన్నా. అది చేప నీళ్ళు తాగినట్టు మూతి తెరిచి మూసింది. మా ఆవిడ చాలాసేపు చూసి, దీనికి పన్నేమన్నా నొప్పెడుతోందా అని నన్నడిగింది.

మళ్ళీ చేయించా. ఈసారి బయట వాన పడుతోంది అని చెప్పమన్నా. మా ఆవిడకి అర్థమైంది, కానీ కిటికీలోంచి వాన చూసి అర్థమైంది.

కొడుకుని కూర్చోబెట్టా. వాడికి మొహం ఉంది గానీ అందులో ఏమీ కదలదు. చిన్నప్పట్నించీ అంతే, బాయిలరు మూతలా. కోడలు సూదులు తీసేసి వచ్చింది. పాపం, బాగానే ప్రయత్నించింది. కానీ మావయ్యగారి సంగతి చెప్పబోయి కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది, దాంతో మూతి వంకరపోయింది. ఏడుస్తూ మాట్లాడితే మాట పోతుంది. ఏమంటోందయ్యా ఇది అని మా ఆవిడ నన్నే అడిగింది. ఆకలేస్తోందంట అన్నా.

ఏప్రిల్ 2, మధ్యాహ్నం

రేపు కోత. ఇవాళ మా ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టుకుని వాగుతూనే ఉన్నా. మిల్లు గేటు ముందు ఆవిణ్ణి మొదటిసారి చూసింది చెప్పా. ఆడవాళ్ళంతా మోతలో నోళ్ళు కదుపుతూ నవ్వుకుంటుంటే, నన్ను చూసే నవ్వుతున్నారని నేను మొహం కడుక్కొచ్చిన సంగతి చెప్పా. అవును నిన్ను చూసే నవ్వాం అంది. ఇన్నేళ్ళూ చెప్పలేదు!

నాలుక అట్టలా అయిపోతే నీళ్ళు తాగి మళ్ళీ మొదలెట్టా. నా బుర్ర తినేశావు, ఇంక ఊరుకోవయ్యా అంది. కానీ లేవలేదు.

ఏప్రిల్ 19

ఇవాళే పెన్ను పట్టుకోగలిగా.

అద్దం చూశా. కుడివైపు ఎవడో వేరేవాడు. రెప్ప మూతపడదు, రాత్రి టేపు అంటిస్తున్నారు. బుగ్గ జారిపోయింది. టీ తాగితే కుడి మూలనించి కారుతోంది. ఉమ్ము లేదు గానీ టీ మాత్రం బాగా కారుతోంది.

ఏప్రిల్ 22

మాట్లాడితే ఎడమవైపు మూతి, కుడివైపుని లాక్కుపోతోంది. మా ఆవిడ చూస్తుంది, తల అడ్డంగా ఊపుతుంది. దగ్గరికొస్తుంది, వెనక్కి జరుగుతుంది. ఇంకోసారి అంటుంది. ఇంకోసారి చెప్తా. ఇంకోసారి అంటుంది. ఇద్దరం అలిసిపోయాం.

ఏప్రిల్ 27

ఇవాళ ఒకటి జరిగింది. నేను మాట్లాడుతుంటే మా ఆవిడ అరచెయ్యి చాపి నా కుడివైపు మొహం మూసేసింది. ఎడమది మాత్రం చూస్తూ, ఊఁ, ఇప్పుడు చెప్పు అంది. కోడలి కొత్త జాకెట్టు దిష్టిబొమ్మకి కుట్టినట్టుంది అన్నా. నవ్వింది! తగిలింది! వెంటనే తిరిగి కోడలికి చెప్పేసింది కూడా.

సగం చాలు, నువ్వు మాట్లాడేదాంట్లో సగం చెత్తే కదా అంది.

పొద్దున్నించీ అలాగే. ఆవిడ చెయ్యి నా బుగ్గ మీద, నేను మాట్లాడ్డం. ఆ బుగ్గకి స్పర్శ కూడా సగమే. అయినా వెచ్చగానే ఉంది.

మే 5

కరెంటు పెట్టాలట. వారానికి అయిదు రోజులు, వారాల తరబడి. పెట్టకపోతే గడ్డ తిరిగొస్తుంది. పెడితే రాకపోవచ్చు.

పిప్పిపన్నుని నిజం చెప్పవే అని నిలబెట్టి అడిగా. చెప్పింది. కుడివైపు పెట్టినా ఎడమవైపుకీ, నాలుక కిందకీ కొంచెం తగుల్తుందట. ఉమ్ములో నీళ్ళు ఊరించే సెల్స్ ముందు చస్తాయట, అవి మళ్ళీ పుట్టడం కష్టమట. జిగురు ఊరించేవి కాస్త మొండివట, అందుకని నోట్లో జిగురు మిగులుతుంది. నోరు పూస్తుంది. మాట్లాడ్డం అని ఆగింది. ఆ ఊఁ, మాట్లాడ్డం అన్నా. కష్టం తాతా అంది.

నా దవడపన్ను ఫోటోలకి అయిన డోస్ ఎంత, ఇదెంత అని అడిగా. దీనిముందు అది చుక్క కాదు తాతా అంది. మరి ఆ చుక్కలకేనా నాకిది అన్నా. నాకు తెలీదు, నిజంగా తెలీదు అంది. చదువుకున్నది కదా, అబద్ధం చెప్పడం రాదు.

మే 6

మా ఆవిడకి చెప్పా. చెయ్యి అడ్డం పెట్టుకుని అంతా చూసింది. ఇది నువ్వు కల్పించిందా, డాక్టరు చెప్పిందా అంది. డాక్టరే అన్నా. ఉన్న సగం మొహం కూడా పోతుందా అంది. పోవచ్చు అన్నా.

ఆలోచించింది. అయితే పెట్టించుకో, నోరు లేకపోయినా మనిషివి ఉంటావుగా అంది.

నాకెందుకో కోపమొచ్చింది. నోరు లేకపోతే నేనెవణ్ణి? కానీ సరే అన్నా. ఆవిడ అడిగింది గనక సరే అన్నా.

మే 14

మెషిన్ చూశా. నా పాత మెషిన్లకి పెదనాన్న. గది అంత ఉంది. వేడినీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ జల్లెడ మొహం మీద పరిచి, గట్టిపడ్డాక దాంతో తలని బల్లకి బిగించేశారు. మాస్కు తీశాక చూస్తే నా వంకర మొహం అచ్చు గుద్దినట్టుంది. దాని కుడివైపుకీ నాకూ తేడా లేదు, రెండూ కదలవు.

టెక్నీషియను పిల్లాడు బయటికి వెళ్ళి తలుపు మూశాడు. ఎంత మందం తలుపో! నేను లోపల, వాడు బయట. మా రోజుల్లో అందరం లోపలే.

జూన్ 3

జిగురు. దారాలు దారాలుగా. మింగలేను, ఉమ్మలేను.

జూన్ 9

నోరంతా పూత. నీళ్ళు తాగినా మంట. పెదవులు పగిలి ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. తెరిస్తే రక్తం. టీకి రుచి లేదు, రొట్టెకి రుచి లేదు, మందుకి మాత్రం ఉంది.

మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. నేను మూతి కదుపుతా. ఎడమది కూడా బిగుసుకుపోయింది. ఆవిడ చూస్తూనే ఉంటుంది. ఇంకోసారి అనడం మానేసింది.

జూన్ 26

కరెంటు అయిపోయింది. అందరూ హమ్మయ్య అన్నారు.

జూలై 10

పిప్పిపన్ను స్టడీ పూర్తయింది. నా ట్యూబు సంగతేంటి అని కాగితం మీద రాసి అడిగా. నేల చూసింది. నా లెక్క తీసేశారట. జబ్బున్నవాళ్ళని కలిపితే మిగతావాళ్ళ లెక్క చెడిపోతుందట. రూలట. మేడమ్ కూడా బాధపడిందట.

మరి మిగతావాళ్ళకి ఏం తేలింది అని రాశా. కొందరికి కొంచెం మార్పు ఉంది, కొందరికి లేదు, ఇంకా పెద్ద స్టడీ చెయ్యాలి అంది.

అంత కష్టపడి ఊహించుకున్నానే నిమ్మకాయని!

ఆగస్టు 1

మా ఆవిడకి ఇంట్లో ఏమీ తెలియట్లేదు. కొడుకు కొత్త చోటికి ఉద్యోగం మారాడు, మూడోరోజుకి తెలిసింది, అదీ టిఫిన్ డబ్బా పెద్దదైతే. అందరూ నవ్వితే ఆవిడా నవ్వుతోంది, కొంచెం వెనకగా. ఎందుకో తెలీకుండానే. ఇదివరకు అలా చేసేది కాదు. తెలీకపోతే నన్ను గిల్లి అడిగేది.

నేను మూతి కదిపినా నవ్వుతోంది. నేనేం చెప్పినా జోకే అయ్యుంటుందని.

ఆగస్టు 19

స్కాన్ తీశారు. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి. రెండువైపులా. ఇంక కొయ్యడాలు, కరెంటులు ఉండవట. సర్జను మంచివాడు, కూర్చుని చెప్పాడు. చలికాలం దాకా ఉంటానా అని కాగితం మీద రాసి చూపించా. చూద్దాం అన్నాడు. అలా అన్నప్పుడు ఆయన మొహం మా ఆవిడ చూసి ఉంటే తెలిసిపోయేది. ఆవిణ్ణి తీసుకురాలేదు.

ఇంటికొస్తూ ఆవిడకెవరు చెప్తారని కారులో అనుకుంటున్నారు. కొడుకు నా వల్ల కాదన్నాడు. కోడలు నేను ఏడ్చేస్తానంది. పిప్పిపన్ను నేను చెప్తాలే, మెల్లిగా, మూతి పూర్తిగా తెరిచి చెప్తా అంది. చేత్తో వద్దన్నా. నా ఛాతీ మీద కొట్టుకుని చూపించా. ఇన్నేళ్ళూ ఆవిడకి అన్నీ నేనే చెప్పా. ఇది నేనే చెప్తా.

ఆగస్టు 20, సాయంత్రం

పెదవులకి నూనె రాసుకున్నా. నీళ్ళు పుక్కిలించా. ఆవిణ్ణి కిటికీ దగ్గర వెలుతుర్లో కూర్చోబెట్టా. ఆవిడ చెయ్యి తీసి నేనే నా కుడిబుగ్గ మీద పెట్టుకున్నా. మెల్లిగా చెప్పా. నేను ఇంక ఎక్కువ రోజులు ఉండనే అన్నా.

పకపకా నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. లేచి లోపలికెళ్ళి, చాన్నాళ్ళకి మీ మావయ్య మంచి జోకు చెప్పాడే అని కోడలికి చెప్తోంది.

కుట్టుమిషన్ ఆగిపోయింది.

నేను రెండోసారి చెప్పలేదు.